సగం రాయి కోసం వచ్చిన మనిషి

మా ముత్తాత గోపాలరావు దేశ్‌ముఖ్ పదకొండు గ్రామాలకు దొర. ఆయన తమ్ముడు సీతారామారావు కచేరీకి వస్తే నిజాం సూబేదారు గదిలోకి ఇంకో కుర్చీ తెప్పించేవారు. మా తాత నరహరిరావు పరకాల వైపు నుంచి వరంగల్‌కు వచ్చేటప్పుడు దారిలో ఎవరి ఇంటా మంచినీళ్ళు తాగేవాడు కాదు. మా నీళ్ళు మా బండిలోనే వచ్చేవి. మా నాన్న రాజేశ్వరరావు కాలానికి గ్రామాలు పోయాయి, బండ్లు పోయాయి. ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపల ఒక ఇల్లు మిగిలింది. ఆ ఇంటి ముందుగదిలో గోడకు నిలబెట్టిన ఒక నల్లరాయి మిగిలింది. నాన్నకు నేను ఒక్కతే బిడ్డను. పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను.

గొప్పకు ఇదంతా చెప్పడం లేదు. ఒక మనిషి నలభై ఏళ్ళకు పైగా మా గుమ్మం బయట ఎందుకు నిలబడ్డాడో చెప్పాలంటే, గుమ్మం లోపల ఉన్నవాళ్ళెవరో ముందు చెప్పాలి.

పోయిన వానాకాలంలో ఒకరోజు హన్మకొండ చౌరస్తాలో ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలోంచి రెండు మూడుసార్లు చూశాడు.

"అమ్మా, మీరు కోటల ఉండే దొరసానమ్మ గదా?"

అవునన్నాను.

"రాళ్ళ సారు పోయిండు, ఎరుకేనా? నెల దాటింది. మా గల్లీలనే ఉండెటోడు. మీ ఇంటి ముచ్చట శానసార్లు చెప్పిండు."

"ఏమని చెప్పాడు?"

"దొరసాని చాయ మంచిగ పోస్తదని."

ఇంకేమీ చెప్పలేదా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ మనిషికి నా చేత్తో నేను చాయ ఇచ్చింది జన్మలో ఒక్కసారే.

రాళ్ళ సారు అన్నది ఊరు పెట్టిన పేరు. ఆయన బడిలో చెప్పిన సారు కాదు, ఆఫీసులో బల్ల ఉన్న సారూ కాదు. పాత శాసనాల మీద తడి కాగితం పరిచి అచ్చు తీయడం ఆయన సర్కారు కొలువు. ఆయన తీసిన అచ్చును పైవాళ్ళు చదివి పుస్తకాల్లో వేసుకునేవారు. ఎవరో ఆయన్ని ఎగతాళికి సారూ అని పిలిచారు, ఊరికి అదే అలవాటైంది. మా ఇంట్లో మాత్రం నాన్న ఉన్నంతకాలం 'వాడు' అన్నాం. నాన్న పోయాక చాలా ఏళ్ళు 'అతను' అన్నాను. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను.

పొట్టి మనిషి. సైకిలు కడ్డీకి ప్లాస్టిక్ గొట్టం కట్టి ఉండేది, అందులో కాగితాల చుట్ట. హ్యాండిల్‌కు సంచి. సంచిలో గుర్రపు వెంట్రుకల బ్రష్షు, సిరా డబ్బా, భార్య పాత చీరను ఉండగా చుట్టి చేసిన అద్దకం ముద్ద. ఆమె పోయిన తర్వాత కూడా ఆ చీరల ముద్దలే వాడేవాడట. గోళ్ళ చుట్టూ నలుపు ఎప్పుడూ వదిలేది కాదు. ఒక పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆ వేళ్ళ వంక అదే పనిగా చూస్తుంటే, "ఫికర్ పడకుండ్రి, గిది కాకతీయుల మసి. అన్నంల కలువది" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. ఆ పెద్దమనిషి మా మేనమామ.

రాయి ఏదైనా సరే, చెప్పులు విడిచి దగ్గరికి వెళ్ళేవాడు. గుడి ముందు స్తంభానికైనా, బట్టలుతికే బండకైనా అదే మర్యాద. ముందు అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. తర్వాత కడిగేవాడు. తడిపిన కాగితం పరిచి బ్రష్షుతో కొట్టడం మొదలుపెట్టేవాడు. తడి గోడ మీద పిల్లలు అరచేత్తో చరిచినట్టు ఉండేది ఆ చప్పుడు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొట్టి, కొద్దిగా ఆరనిచ్చి, సిరా ముద్దతో అద్దేవాడు. రాయి నల్లగా, అక్షరం తెల్లగా వచ్చేది.

"అక్షరానికి సిరా తాకొద్దు. అది ఖాళీగ ఉంటెనే కనవడ్తది" అనేవాడు చూడ్డానికి చేరినవాళ్ళతో.

ఒకసారి నెక్కొండ నుంచి వచ్చే బస్సులో ఆయన నా ముందు సీట్లో ఉన్నాడు. కండక్టరు వచ్చాడు.

"ఓరుగల్లుకు ఒకటియ్యి."

"ఆ ఊరికి బస్సు ఏడు వందల ఏండ్ల కిందనే పోయింది కాకా. వరంగల్‌కు ఇయ్యాల్నా?"

"ఇయ్యి. దిగినంక నేనే నడుసుకుంట పోత."

"జర చూసి నడువు, కాపలా ఏనుగులుంటయి ఆడ!"

బస్సంతా నవ్వింది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన నన్ను చూసి లేచి దండం పెట్టాడు. నేను తల ఊపాను. అంతే మా పరిచయం అప్పటికి.

ఊరి పేరు ఆయనకొక వ్యసనం. ఆదివారాలు కోటలో తోరణాల దగ్గర కాలేజీ పిల్లలు కనిపిస్తే ఆపి అడిగేవాడు, మీ ఊరికి ఆ పేరెట్లొచ్చిందో తెలుసా అని. తెలియదంటే సంతోషించేవాడు. తెలుసంటే ఇంకా సంతోషించేవాడు.

"ఒకటే రాయి గుట్టయి నిలబడ్డది గావట్టి అంటరు. అగో, అదే గుట్ట. పండితులు దాన్నే సంస్కృతంల ఏకశిలానగరం అన్నరు. ఇంకొకలు ఏమంటరు? ఇనుము మోసే బండి ఈడ ఒరిగిందట. ఇరుసు పోయి ఒక రాయికి తాకి బంగారమైందట. బండి ఒరిగిన రాయి గావట్టి ఓరుగల్లు. ఢిల్లీ నుంచి వచ్చినోళ్ళు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిండ్రు. పెట్టినోళ్ళు పోంగనే అదీ పోయింది. వాళ్ళ నోరు తిరగక అరంగల్ అన్నరు, అది తిరిగి తిరిగి వరంగల్ అయి కూసున్నది."

"మరి ఏది కరెక్ట్ తాతా?" అని పిల్లలు అడిగేవాళ్ళు.

"రాజుల రాళ్ళ మీద రాజులకు నచ్చిన పేర్లున్నయి. అవి శాన చూసిన. కుండలు చేసెటోడు, కావడి మోసెటోడు ఈ ఊరిని ఏమన్నడు? పొద్దుగాల ఇంట్లకెళ్ళి ఎల్లేటప్పుడు పెండ్లానికి ఏమని చెప్పి ఎల్లిండు? అది యాడ రాసున్నది? నాకది గావాలె."

అది రాసి ఉన్న రాయి మా ఇంట్లో ఉందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చాడు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ముందుగదిలో రాయికి వీపు చేసి కుర్చీలో కూర్చోవడం నాన్న అలవాటు. వచ్చినవాళ్ళు నాన్నను చూస్తే రాయిని కూడా చూడవలసిందే. మా వంశానికి కాకతీయ రాజు ఏడు గ్రామాలు రాసిచ్చిన శాసనం అదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. నేనూ బడిలో స్నేహితురాళ్ళకు అదే చెప్పాను. దాని మీది అక్షరాలు మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. ప్రతి దసరాకు గోడతో పాటు దానికీ సున్నం వేసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళం. నేను పుట్టకముందే సున్నం మీద సున్నం చేరి రాయి గోడలో గోడైపోయింది. నాన్న కూడా ఆ అక్షరాలు చూశాడని నేను అనుకోను.

ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుంటాయి అప్పుడు.

"దొరా, మీ పాత ఊరి కాడ, పరకాల తొవ్వల, ఒక రైతు బాయి కాడ బట్టలుతికే బండ ఉన్నది. దాని మీద శాసనం ఉన్నది. అచ్చు తీసిన. సగమే ఉన్నది. కింది సగం కోటల దొర ఇంటికి పోయిందని ఆ రైతు ముసలితల్లి చెప్పింది."

నాన్న ఏమీ అనలేదు. చెప్పడానికి అదే అనుమతి.

"కుండలు చేసెటోళ్ళు, కావడి మోసెటోళ్ళు కలిసి చలివేంద్రం పెట్టిండ్రు దొరా. ఎండల నడిచి పోయెటోళ్ళకు నీళ్ళియ్యనీకి. అదే రాసిండ్రు. ఏ ఊరికి పోయెటోళ్ళకో, ఆ మాట కాడ్నే రాయి పలిగింది. ఆ మాట మీ ఇంట్ల ఉన్నది. ఒక్క దినం ఇయ్యుండ్రి, అచ్చు తీసుకుని పోత."

"మా రాయి మీద ఏమున్నదో మాకెరుకే" అన్నాడు నాన్న. "రాజు ఇచ్చిన రాయి అది. కుండలు చేసెటోళ్ళ రాయికి మా ఇంట్ల పసుపు పెడ్తమా?"

ఆయన అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నోటి దాకా వచ్చిన మాటను మింగడం ఆయనకు చేతకాదు.

"మీ తాతగారు దాన్ని ఈడికి తెప్పిచ్చేటప్పుడు బండిల నుంచి జారి రెండు ముక్కలైందట దొరా. ఊరి పేరుల బండి ఒరిగిందంటరు, అది నిజమో కాదో ఎవలికెరుక? మీ తాత బండి ఒరిగింది మాత్రం నిజం."

నవ్వుతూనే అన్నాడు. నేను తలుపు చాటు నుంచి విన్నాను. నాకూ నవ్వొచ్చింది. నాన్న లేచి నిలబడ్డాడు. మా నాన్న లేచి నిలబడితే ఎదుటి మనిషి బయటికి నడవాలి, అది మా ఇంటి పద్ధతి. ఆయన వెనక్కి నడిచి చెప్పులు వేసుకున్నాడు. ఆ వారమే నాన్న మనుషుల్ని పిలిపించి రాయికి రెండు పూతలు సున్నం వేయించాడు. దసరా ఇంకా నాలుగు నెలలుంది.

తర్వాతి ఎండాకాలం ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి రాయి మాట ఎత్తలేదు. గేటు బయట సైకిలు ఆపి, దాహంగా ఉంది, నీళ్ళిమ్మన్నాడు. నీళ్ళడిగినవాడికి లేదనలేం. పనిమనిషి చెంబు తీసుకెళ్ళింది. తాగి, చెంబు తిరిగిచ్చి, "దొరకు దండమని చెప్పు" అని వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడూ వచ్చాడు. ఊళ్ళో చలివేంద్రాలు పెట్టే రోజులు రాగానే, ఏదో ఒక మధ్యాహ్నం ఆయన సైకిలు బెల్లు వినిపించేది. ఆయన కావాలనే ఆ రోజుల్లో వచ్చేవాడని నాన్నకు తెలుసు. నాన్నకు తెలుసని ఆయనకూ తెలుసు. నాన్న కుర్చీలోంచి కదిలేవాడు కాదు. నీళ్ళు మాత్రం ప్రతి ఏడూ వెళ్ళేవి.

నాన్న పోయిన ఏడు ఆయన గేటు దాటి లోపలికి వచ్చాడు. పరామర్శకు వచ్చినవాళ్ళలో చివరివాడు. చాప చూపిస్తే కూర్చోలేదు.

"చిన్న దొరసానీ, దొర గట్టి మనిషి. నాకు నీళ్ళు కాదనలే ఎన్నడు."

నేను చాప చుట్టి గోడకు నిలబెట్టాను. ఆయన గుమ్మం దాకా వెళ్ళి తిరిగాడు.

"రాయి ముచ్చట ఇప్పుడు అడుగుడు తప్పు. తర్వాతనన్న ఒక్కసారి ఆలోచన చెయ్యుండ్రి."

"నాన్న వద్దన్నారు. ఆ మాట మీద నేను మాట చెప్పను."

"నాయిన మాట గట్టిదే. రాయి ఇంక గట్టిది. అది ఏడికి పోదు తియ్యుండ్రి. నాకేం తొందర లేదు."

నాన్న మాట అని అన్నాను గానీ, అది సగమే నిజం. ఏడు గ్రామాల రాయి ఉన్న ఇంటి ఆడపిల్లగా నేను పెరిగాను. ఊళ్ళు పోయాక, బడిలో జీతానికి చేరాక, తోటి టీచర్లు నా వెనక ఏదో అనుకుంటున్నారని తెలిశాక, నాకు వీపు ఆనించుకోవడానికి ఆ రాయి ఒక్కటే ఉండేది. దాని మీద కుండలు చేసేవాళ్ళ చలివేంద్రం ఉందని తేలితే నా దగ్గర ఇంకేమీ ఉండదు. ఆ భయం ఆయనకు అర్థమైందనుకుంటాను. అందుకే ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

ఇరవై ఏళ్ళు మళ్ళీ అలాగే గడిచాయి. ఎండాకాలం, సైకిలు బెల్లు, చెంబుడు నీళ్ళు. నా జుట్టు నెరిసింది, ఆయన సైకిలు తొక్కడం మాని నెట్టుకుంటూ రావడం మొదలుపెట్టాడు. కొలువు నుంచి ఎప్పుడో రిటైరయ్యాడు. అయినా గొట్టం, సంచి వెంట ఉండేవి.

మూడేళ్ళ కిందట ఆటోలో వచ్చాడు. కూతురు చెయ్యి పట్టుకుని దింపింది. ఒక కంటికి తెల్లటి పట్టీ.

"ఒక కన్ను దవాఖానల ఇడిసిపెట్టి వచ్చిన" అన్నాడు. "రెండోది గూడ పోయెటట్టే ఉన్నది. డాక్టరు ఏం చెప్తలేడు, ఈమెకు చెప్పిండు, ఈమె నాకు చెప్తలేదు. అంటె పోతదన్నట్టే గదా?"

"ఊకో నాయినా" అంది కూతురు.

"వేళ్ళు మంచిగున్నయి చిన్న దొరసానీ. వేళ్ళతోటి గూడ చదువుత. అయినా ఒక్కసారి కంటితోటి చూడాల్నని ఉన్నది."

నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. ఆ పెట్టడంలో నేల ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఆ చెయ్యి చూసి నేను, "బేస్తవారం రండి" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. కూతురే, "అమ్మ రమ్మంటాంది నాయినా, రాయి చూడనీకి" అంది. ఆయన మా మెట్ల మీద కూర్చుండిపోయాడు. అన్నేళ్ళలో మా ఇంట్లో ఆయన కూర్చున్నది అదే మొదలు.

వెళ్ళేముందు జాగ్రత్తలు చెప్పాడు. "తడి గోనె సంచి కప్పి పెట్టుండ్రి, సున్నం నానుతది. అంతే, ఇంకేం చెయ్యకుండ్రి. మిగతాది నేను వెదురు పుల్లతోటి తీసుకుంట. రెండు దినాలు పడ్తది, పడనియ్యుండ్రి."

నేను గోనె తడిపి కప్పాను. ఆ సాయంత్రం దాని ముందు కూర్చుని ఆలోచించాను. ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, ఒంటి కన్నుతో, మా నేల మీద గొంతుకూర్చుని, మా ఇంటి మురికిని రెండు రోజులు వెదురు పుల్లతో గీకుతాడు. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. మా ఇంటికి పిలిచిన మనిషి మా ఇల్లు శుభ్రం చేసిన రోజు లేదు. మా నాన్న ఆయన్ని నిలబెట్టాడు, నేను ఆయన్ని పిలిచాను. పిలిచినప్పుడు రాయి ఆయన ముందు కడిగిన ముత్యంలా ఉండాలి. నాకు అట్లా అనిపించింది. అప్పటికి అది మర్యాద అనే అనుకున్నాను.

మంగళవారం పొద్దున బండలకు పాలిష్ పట్టే మేస్త్రీని పిలిపించాను. గుండ్రటి రాయి తిరిగే మిషను తెచ్చాడు. గది నిండా తెల్లటి దుమ్ము. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దసరాలన్నీ రాలిపోయి నల్లరాయి బయటపడుతుంటే నాకు ఆనందంగానే ఉంది.

మధ్యలో మేస్త్రీ మిషను ఆపాడు.

"అమ్మా, కింద ఏవో గీతలున్నయి. ఉంచాల్నా, తియ్యాల్నా?"

లేచి వెళ్ళి చూశాను. సున్నం పేరుకున్న సన్నటి గీతలు, గీసి చెరిపినట్టు. ఏడు గ్రామాలు రాసిచ్చిన రాజు అక్షరాలు లోతుగా, వేలు పట్టేటంత పెద్దగా ఉంటాయని నా మనసులో చిన్నప్పటి నుంచీ ఒక బొమ్మ ఉంది. ఇవి అవి కావు. అవి ఇంకా లోపల ఉంటాయనుకున్నాను.

"సున్నపు గీతలు, తీసెయ్" అన్నాను. "ఒక్క మచ్చ ఉండొద్దు."

మేస్త్రీ పనిమంతుడు. ఒక్క మచ్చ ఉంచలేదు.

అప్పటికీ నాకు తెలియలేదు. లోపల ఇంకేమీ లేదని చూశాను గానీ, ఆయన వేళ్ళకు తెలుస్తుందిలే అనుకున్నాను. తెలిసినవాళ్ళకు కనిపించేవి మనకు కనిపించవు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

బేస్తవారం ఆయన ఉతికిన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. తల దువ్వుకున్నాడు. గోళ్ళ చుట్టూ నలుపు పోయేదాకా ఎవరో రుద్దినట్టున్నారు. కూతురు గొట్టం, సంచి పట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గోడ పట్టుకుంటూ రాయి దాకా వెళ్ళి, అరచెయ్యి ఆనించి, కన్ను మూసుకున్నాడు.

చెయ్యి పైకి వెళ్ళింది. పక్కకు వెళ్ళింది. కిందికి వచ్చింది. రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"ఏంది నాయినా?" అంది కూతురు.

"ఏం లేదు బిడ్డా. సల్లగున్నది రాయి."

"శుభ్రం చేయించాను" అన్నాను నేను. "మీకు శ్రమ ఎందుకని."

ఆయన నా గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"మంచిగ చేపిచ్చిండ్రు" అన్నాడు.

తిరిగి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. నీళ్ళడిగాడు. తాగడానికి కాదు, రాయికి. కడిగాడు. కాగితం తడిపి పరిచాడు. బ్రష్షు తీసి కొట్టడం మొదలుపెట్టాడు. పై అంచు నుంచి కింది అంచు దాకా, ఒక్క వేలెడు చోటు వదలకుండా, ఎంత సేపు కొట్టాడో. ఆ చప్పుడు మా ఇంట్లో వినాలని ఆయన నలభై ఏళ్ళకు పైగా అనుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి చాయ పెట్టాను. పనిమనిషి ఉంది, అయినా నేనే పెట్టాను. తిరిగి వచ్చేసరికి సిరా అద్దుతున్నాడు.

కాగితం మొత్తం నల్లగా వచ్చింది. అంచు నుంచి అంచు దాకా నలుపు. తెల్లగా మిగిలింది ఎక్కడా లేదు. నాకు అప్పుడు తెలిసింది.

కాగితం ఒలిచేటప్పుడు కింది మూల దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. "గీడ కొంచెం మిగిలింది" అన్నాడు. గోరంత తెల్లటి వంపు. కూతురు కాగితాన్ని ఆయన మంచి కంటి దగ్గరికి పట్టుకుంది. ఆయన ముక్కు కాగితానికి తాకేటట్టు చూశాడు.

"తలకట్టు."

"ఏ అక్షరానిది?" అన్నాను.

"ఏ అక్షరానికైనా ఉంటది చిన్న దొరసానీ."

చాయ గ్లాసు ఆయన చేతికి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని తాగాడు. బాగుందన్నాడు. చక్కెర సరిపోయిందన్నాడు. నేను చెప్పవలసిన మాట ఒకటుంది. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఆ మాట చెప్పగా నేను వినలేదు. ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉన్నాను.

లేచేటప్పుడు ఆయనే అన్నాడు. "తప్పు నాదే. మీరు సరేనన్న దినమే ఈడ కూసునేది ఉండె. మంచి పంచె కట్టుకుని రావాలెనని పోయిన, చూడుండ్రి."

ఆ తర్వాతి ఎండాకాలం ఆయన రాలేదు. రెండో కన్ను కూడా పోయిందని విన్నాను. నేను వెళ్ళి చూడలేదు.

ఆటో డ్రైవరు చావుకబురు చెప్పిన మూడో రోజున వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. సన్నటి గల్లీ, రెండు గదుల ఇల్లు. కూతురు నన్ను గుర్తుపట్టి కుర్చీ తుడిచి వేసింది. ఆయన అచ్చులు గొట్టాల్లో పెట్టి మంచం కింద పేర్చి ఉన్నాయి. సర్కారుకు ఇవ్వగా మిగిలినవి, ఆయన సొంతానికి తీసుకున్నవి. చూస్తారా అని అడిగి ఒక్కొక్కటీ విప్పింది.

ప్రతి కాగితం కింది మూలలో పెన్సిల్‌తో రాసి ఉంది. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎన్ని పంక్తులు, రాయికి ఏం దెబ్బ తగిలింది, ఎవరి చేత తగిలింది. "ట్రాక్టర్ తగిలి మూల పోయింది, నడిపినవాడు సర్పంచి కొడుకు." "గుడి పూజారి నూనె పోసి పోసి మూడు పంక్తులు మూసినాడు." "నేనే, బ్రష్షుతో ఎక్కువ కొట్టి, ఒక అక్షరం పెచ్చు లేపినాను." ఎవరినీ వదల్లేదు, తనను కూడా.

"నాయినకు ఇందుల మొహమాటం లేదమ్మా" అంది కూతురు. "కొట్లాటలు గూడ అయినయి. చెడగొట్టినోని పేరు లేకుంటె చదివెటోడు రాయిని తప్పు పడ్తడు అనెటోడు."

చివరి గొట్టంలో మా రాయి. నల్లటి కాగితం. కింది మూలలో అక్షరాలు వంకరగా ఉన్నాయి, కన్ను కనపడక చేత్తో తడుముకుంటూ రాసినట్టు. కోట. దొరగారి ఇల్లు. పంక్తులు తెలియవు. దాని కింద, "వానలకు అరిగిపోయింది."

మా రాయి ఎన్నడూ వానకు తడవలేదు. వంద ఏళ్ళు ముందుగదిలో, పెంకుల కింద ఉంది.

"పెన్సిల్ ఉందా?" అన్నాను.

"ఎందుకమ్మా?"

"అది తప్పు. దిద్దాలి. నేను చేయించాను అది. నా పేరు రాయాలి."

ఆమె కాగితాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. చుట్టింది.

"నాకెరుకేనమ్మా. ఆ దినం నేను గూడ ఉన్న గదా."

"అందుకే. పెన్సిల్ ఇవ్వు."

"వద్దు. మీరు దిద్దితె మీకు బరువు దిగి హల్కగయితది. మా నాయిన బతుకుల అబద్ధం రాసింది గిదొక్కటే. చానసేపు కూసుని రాసిండు. నేను దిద్దనియ్య."

కాగితాన్ని గొట్టంలో పెట్టి మూత బిగించింది. నాకు చాయ తెచ్చింది. నేను తాగి వచ్చాను.

ఈ ఏడు మాఘమాసంలో ఇల్లు అమ్మాను. కొన్నవాళ్ళకు స్థలం చాలు, ఇల్లు అక్కర్లేదు. విప్పించి ఇవ్వమన్నారు. రాయిని తీసుకుపొమ్మని ఆయన కూతురికి కబురు పంపితే, పెట్టుకునే జాగా లేదంది. టేకు ద్వారబంధాలను హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు కొన్నారు. దూలాలు నెక్కొండలో ఒక కోతమిల్లుకు పోయాయి. రాయిని విడిగా ఎవరూ అడగలేదు. పునాది బండలతో కలిపి ఒక లారీ లోడుగా అమ్మాను.